లేని విమానాలకు రాసిన పుస్తకాలు: మాక్రాస్ ఫైటర్లు, వాటి రిఫరెన్స్ గ్రంథాలు

వీఎఫ్-1 వాల్కిరీ అనే యుద్ధ విమానం పొడవు 14.23 మీటర్లు, ఖాళీ బరువు 13.25 టన్నులు. పది వేల మీటర్ల ఎత్తున దాని గరిష్ఠ వేగం మాక్ 2.71, ముప్పై వేల మీటర్లు దాటాక మాక్ 3.87. రెక్కలను 20 డిగ్రీల నుంచి 72 డిగ్రీల దాకా వెనక్కి మడుచుకోగలదు. ఇన్ని అంకెలున్న ఈ విమానం ఏ కర్మాగారంలోనూ తయారు కాలేదు, ఏ రన్‌వే మీంచీ లేవలేదు. 1982 అక్టోబరు 3 నుంచి 1983 జూన్ 26 దాకా 36 భాగాలుగా జపాన్ టీవీలో ప్రసారమైన ‘సూపర్ డైమెన్షన్ ఫోర్ట్రెస్ మాక్రాస్’ అనే అనిమే ధారావాహిక కోసం షోజి కవమోరి దాన్ని రూపొందించారు. ప్రసారం మొదలయ్యే నాటికి ఆయనకు ఇరవై రెండేళ్లు.

ఈ విమానం గురించీ, దాని తర్వాతి తరాల గురించీ జపాన్‌లో నాలుగు దశాబ్దాలుగా పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. నిజమైన విమానానికి రాసినట్టే వీటిలోనూ అభివృద్ధి చరిత్ర ఉంటుంది, ఇంజిన్‌ను కోసినట్టు లోపలి భాగాలు చూపే చిత్రం ఉంటుంది, ఏ స్క్వాడ్రన్ ఏ రంగు వేసుకుందో చూపే పటాలు ఉంటాయి. వీటిని సేకరించేవారు జపాన్ బయట కూడా చాలామంది ఉన్నారు. కానీ అరలో పక్కపక్కన నిలబడినంత మాత్రాన ఈ పుస్తకాలన్నీ ఒకే జాతివి కావు. కొన్ని నిర్మాణ సమయంలో గీసిన చిత్రాలను భద్రపరిచినవి, కొన్ని ఆ చిత్రాల చుట్టూ ఊహతో అల్లినవి, కొన్ని అసలు సాంకేతిక గ్రంథం వేషంలో రాసిన కల్పనా సాహిత్యం. ఏది ఏమిటో తెలిసి కొనే సేకర్తకూ, అంకెలన్నిటినీ ఒకే నమ్మకంతో చదివే సేకర్తకూ దక్కే ఫలం వేరువేరుగా ఉంటుంది. ఈ తేడా తెలియాలంటే ముందుగా ఆ విమానాన్నే కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే పుస్తకాలు వివరించడానికి పూనుకున్న చిక్కులన్నీ దాని నిర్మాణంలోనే ఉన్నాయి.

మాక్రాస్‌కు ముందు కూడా విమానాలు రోబోలుగా మారాయి. 1974లో వచ్చిన ‘గెట్టర్ రోబో’లో మూడు జెట్ విమానాలు కలిసి ఒక రోబో అయ్యేవి. అయితే ఆ మార్పు పూర్తిగా చిత్రకారుడి దయ మీద ఆధారపడింది. లోహం మైనంలా సాగేది, లేని చేతులు మొలుచుకొచ్చేవి, తెర మీద కనిపించినట్టు మారే బొమ్మను ఎవరూ చేయలేకపోయేవారు. 1979 నాటి ‘మొబైల్ సూట్ గండమ్’లో కోర్ ఫైటర్ అనే చిన్న విమానం రెక్కలు మడుచుకుని రోబో పొట్టలో దూరేది. అది కొంత నమ్మదగిన అమరికే గానీ అక్కడ విమానం రోబోలో ఒక భాగం మాత్రమే. విమానమే మొత్తంగా మనిషి రూపం దాల్చాలి, ఏ ముక్కా మాయం కాకూడదు, ఏ ముక్కా కొత్తగా పుట్టకూడదు, మారిన తర్వాత రెండు రూపాలూ చూపుకు నిలవాలి అనే పట్టుదల వీఎఫ్-1తో వచ్చింది. కేయో విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థిగా ఉంటూనే స్టూడియో నుయే అనే డిజైన్ బృందంలో చేరిన కవమోరి, మార్పు విధానాలను కాగితం మీద తేల్చుకోవడంతో సరిపెట్టుకోకుండా లెగో ఇటుకలతో కట్టి చూసుకోవడం అలవాటు చేసుకున్నారు. చేత్తో తిప్పి చూసినది కాబట్టే ఆ డిజైన్ బొమ్మల తయారీదారులకు సవాలుగా కాకుండా దారి చూపే పటంగా పనికొచ్చింది.

వీఎఫ్-1 కు అమెరికా నౌకాదళపు ఎఫ్-14 టామ్‌క్యాట్ పోలిక ఉందని చూడగానే తెలుస్తుంది. వెనక్కి మడిచే రెక్కలు, జంట తోకలు, జంట ఇంజిన్లు అన్నీ అక్కడివే. కథలో రాయ్ ఫోకర్ అనే పైలట్ నడిపే వీఎఫ్-1ఎస్ తోకల మీద పుర్రె, ఎముకల గుర్తు కూడా టామ్‌క్యాట్‌లను నడిపిన జాలీ రోజర్స్ స్క్వాడ్రన్‌ను గుర్తు చేసేదే. అయితే ఈ ఎంపికను అందం కోసం చేసిన అనుకరణగా మాత్రమే చూస్తే అసలు విషయం తప్పిపోతుంది. ఎఫ్-14 లో రెండు ఇంజిన్లు ఒకదానికొకటి దూరంగా, రెండు విడి గొట్టాల్లా వేలాడుతుంటాయి. వాటి మధ్య వెడల్పైన ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో క్షిపణులను తగిలిస్తారు. రెండు విడి గొట్టాలుంటే రెండు కాళ్లు దొరికినట్టే. మధ్యలో ఖాళీ ఉంటే ముడిచిన చేతులను దాచడానికి చోటు దొరికినట్టే. ఇంజిన్లు శరీరంలో కలిసిపోయి ఉండే ఎఫ్-15, ఎఫ్-16 లాంటి విమానాలను ఆధారంగా తీసుకుని ఉంటే ఈ రెండూ కుదిరేవి కావు.

వీఎఫ్-1 ఫైటర్ రూపంలో ఇంజిన్ గొట్టాలే మనిషి రూపంలో కాళ్లవుతాయి, వేడి గాలి బయటికి పోయే నాజిల్ చివరి పలకలు పాదాలవుతాయి, గాలిని లోపలికి తీసుకునే ఇన్‌టేక్‌లు తొడల పైభాగంలో నిలుస్తాయి. విమానం ముక్కు కిందికి వంగి నడుము భాగంగా మారుతుంది. పొట్ట కింద దాగిన తల భుజాల మధ్యకు లేస్తుంది, రెక్కలు పూర్తిగా మడుచుకుని వీపుకు అంటుకుంటాయి, కాక్‌పిట్ అద్దం మీదికి ఒక కవచం జరిగి కప్పేస్తుంది. ఈ రెండు రూపాల మధ్య మూడోది ఒకటుంది. విమానం విమానంగానే ఉండి కాళ్లు మాత్రం కిందికి దిగి, మోకాళ్లు పక్షి కాళ్లలా వెనక్కి వంగి, చేతులు బయటికి వచ్చే గెర్‌వాక్ రూపం అది. ఈ సగం మార్పే మొత్తం డిజైన్‌లో అత్యంత తెలివైన భాగమని చెప్పాలి. కాళ్లు అంటే ఇంజిన్లు కాబట్టి కాలు ఎటు తిప్పితే తోపుడు శక్తి అటు తిరుగుతుంది. నేలకు దగ్గరగా నిలకడగా తేలడం, హఠాత్తుగా ఆగడం, వెనక్కి జరగడం దీనివల్లే సాధ్యమవుతాయి. నాజిల్‌ను కదిలించి విమానాన్ని మలుపు తిప్పే విధానం భారత వైమానిక దళపు సుఖోయ్-30 ఎంకేఐ లో ఉన్నదే. గెర్‌వాక్ దాన్ని మొత్తం కాలికి విస్తరించింది.

ఇంత కష్టపడి విమానాన్ని మనిషిగా మార్చడం ఎందుకు? ఈ ప్రశ్నకు మాక్రాస్ కథలో నిజాయితీ గల జవాబు ఉంది. 1999లో భూమి మీద కూలిన అంతరిక్ష నౌకను పరిశీలించినప్పుడు దాన్ని నడిపినవారు మానవులకు ఎన్నో రెట్లు ఎత్తున్న జీవులని తేలుతుంది. జెంట్రాడీలు అనే ఆ జీవులు సుమారు పది మీటర్ల ఎత్తుంటారు. వారి నౌకల నడవల్లో వారితో ముఖాముఖి పోరాడాలంటే వారి కొలతకు సరిపోయే చేతులూ కాళ్లూ కావాలి. మనిషి రూపంలో వీఎఫ్-1 ఎత్తు 12.68 మీటర్లు కావడం అందుకే. ఎఫ్-14 పొడవు 19.1 మీటర్లు కాగా వీఎఫ్-1 దానికన్నా దాదాపు ఐదు మీటర్లు పొట్టిగా ఉండటానికి కారణం కూడా ఇక్కడే వెతకాలి. విమానాన్ని టామ్‌క్యాట్ అంత పొడవు చేస్తే రోబో శత్రువు కంటే మరీ పెద్దదై నడవల్లో పట్టదు.

మిగతా అంకెలను కూడా ఇలాగే ప్రశ్నించి చూడవచ్చు. వీఎఫ్-1 చేతిలో ఉండే జీయూ-11 అనే మూడు గొట్టాల 55 మిల్లీమీటర్ల తుపాకిలో 200 గుళ్లుంటాయి, నిమిషానికి 1,200 చొప్పున పేలుతాయి. అంటే ఆపకుండా కాలిస్తే పది సెకన్లలో ఖాళీ అవుతుంది. ఎఫ్-14 తుపాకిలో 20 మిల్లీమీటర్ల గుళ్లు 675 ఉండేవి. గుండు లావు పెరిగితే సంఖ్య తగ్గాలన్న లెక్కను ఇక్కడ పాటించారు. ఇంజిన్ సంగతి ఇంకా బాగుంటుంది. దానిలో ఉండేది కేంద్రక సంలీన రియాక్టర్. వాతావరణంలో ఉన్నంతసేపు అది గాలిని లోపలికి లాక్కుని, వేడి చేసి వెనక్కి తోసేస్తుంది కాబట్టి ఇంధనం గురించి బెంగ లేదు. అంతరిక్షంలో గాలి లేదు, తోయడానికి ఒక పదార్థాన్ని వెంట మోసుకుపోవాలి, చిన్న విమానంలో దానికి చోటు తక్కువ. సూపర్ వాల్కిరీ అనే అంతరిక్ష పోరాట రూపంలో వీఎఫ్-1 వీపు మీదా కాళ్ల మీదా కనిపించే ఫాస్ట్ ప్యాక్ అనే అదనపు ట్యాంకులు, బూస్టర్లు ఈ కొరత తీర్చడానికే వచ్చాయి. రియాక్టర్ కల్పితమే, కానీ దాన్ని ఒప్పుకున్నాక వచ్చే పరిణామాలన్నీ భౌతికశాస్త్రాన్ని అనుసరిస్తాయి. ఆ ఇంజిన్ తయారీదారుల పేర్లలో షిన్నకాసు అనే కల్పిత సంస్థ పక్కన నిజమైన ఇంజిన్ సంస్థలు ప్రాట్ అండ్ విట్నీ, రోల్స్‌రాయిస్ పేర్లు కనిపించడం కూడా కల్పనను నిజంతో ముడివేసే ఈ వ్యూహంలో భాగమే.

తర్వాతి వాల్కిరీలు వాటి కాలపు వైమానిక వార్తలను వెంటాడుతూ వచ్చాయి. 1994-95లో వచ్చిన ‘మాక్రాస్ ప్లస్’ కథకు కేంద్రం ఈడెన్ గ్రహం మీద 2040లో జరిగే ఒక పోటీ. వైఎఫ్-19, వైఎఫ్-21 అనే రెండు నమూనాల్లో ఒకదాన్ని సైన్యం ఎంచుకోవాలి. 1990లో కొన్ని వారాల తేడాతో మొదటిసారి ఎగిరి 1991 ఏప్రిల్‌లో ఫలితం తేలిన, అమెరికా వైమానిక దళం నిజంగానే నడిపిన వైఎఫ్-22, వైఎఫ్-23 ల పోటీ ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. వైఎఫ్-21 ఆకారం ఓడిపోయిన వైఎఫ్-23 ను తలపిస్తుంది, కథలోనూ దానికి ఓటమే రాసిపెట్టి ఉంది. ముందుకు వాలిన రెక్కలున్న వైఎఫ్-19 వెనుక 1984లో ఎగిరిన గ్రమ్మన్ ఎక్స్-29 ఉంది. అలాంటి రెక్క వేగం పెరిగేకొద్దీ గాలి ఒత్తిడికి మెలితిరిగి విరిగిపోయే ప్రమాదం ఉంటుంది, కార్బన్ మిశ్రమ పదార్థాలు వచ్చాకే దాన్ని నమ్మకంగా కట్టగలిగారు. మాక్రాస్ ప్లస్ మరో మెట్టు పైకి వెళ్లి రెండు నమూనాలనూ పక్కన పెట్టేసే ఘోస్ట్ ఎక్స్-9 అనే పైలట్ లేని యుద్ధ విమానాన్ని రంగంలోకి దించింది. మానవరహిత విమానాల చర్చ ప్రపంచ సైన్యాల్లో నేడు ఎక్కడికి చేరిందో చూస్తే, ముప్పై ఏళ్ల కిందటి ఆ కథకు ఇవ్వవలసిన గౌరవం ఇంకా పూర్తిగా ఇవ్వలేదనిపిస్తుంది.

‘మాక్రాస్ 7’ లోని వీఎఫ్-17 పలకలు పలకలుగా ఉండే అమెరికా స్టెల్త్ విమానం ఎఫ్-117 ను పోలి ఉంటుంది. 2016 నాటి ‘మాక్రాస్ డెల్టా’లో శత్రువులు నడిపే డ్రాకెన్-3 పేరు స్వీడన్‌కు చెందిన సాబ్ డ్రాకెన్ నుంచి వచ్చింది. వీటన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధతో చూడవలసినది 2002-2004 మధ్య వచ్చిన ‘మాక్రాస్ జీరో’లోని వీఎఫ్-0. ఇది కథాకాలంలో వీఎఫ్-1 కంటే ముందుది. సంలీన ఇంజిన్ ఇంకా సిద్ధం కాలేదు కాబట్టి మామూలు జెట్ ఇంజిన్లతోనే నడవాలి, వాటికి ఇంధనం కావాలి, ఇంధనానికి చోటు కావాలి, అందుకే వీఎఫ్-0 వీఎఫ్-1 కంటే పెద్దది. పాత తరం విమానం కొత్త తరం కంటే పెద్దగా ఉండటానికి ఇంత సబబైన కారణం కల్పించిన రచన అరుదు. దాని ప్రత్యర్థి ఎస్‌వీ-51 తయారీదారుల జాబితాలో సుఖోయ్ పేరు చేర్చడం ద్వారా కథలో తలపడే రెండు శిబిరాల డిజైన్ సంప్రదాయాల తేడాను కూడా చూపించారు.

ఇక పుస్తకాలను అర్థం చేసుకోవడానికి తెలియవలసిన మరో సంగతి, తెర మీది విమానానికీ పుస్తకంలోని విమానానికీ ఉన్న గీతల తేడా. 1982లో ప్రతి ఫ్రేమునూ చేత్తో గీయాలి. ఒక గీత ఎక్కువైతే వేల చిత్రాల్లో ఆ గీత ఎక్కువవుతుంది. అందువల్ల యానిమేటర్లకు ఇచ్చే నమూనా చిత్రాల్లో, అభిమానులు సెత్తెయ్ అని పిలిచే ఆ రేఖాచిత్రాల్లో, వీఎఫ్-1 ఒంటి మీద గీతలు చాలా తక్కువ. చిన్న చిన్న తలుపులు, రివెట్లు, హెచ్చరిక రాతలు వాటిలో దాదాపు లేవు. విమాన నమూనాలను, బొమ్మలను అమ్మే సంస్థలు ఈ ఖాళీని క్రమంగా నింపాయి. తకతోకు సంస్థ 1/55 కొలతలో మూడు రూపాలకూ మారే బొమ్మను అప్పట్లోనే తెచ్చింది. అదే బొమ్మ తర్వాత అమెరికాలో ట్రాన్స్‌ఫార్మర్స్ శ్రేణిలో జెట్‌ఫైర్‌గా అమ్ముడైంది. నిజ విమానాల ప్లాస్టిక్ నమూనాలకు పేరుపడిన హాసెగావా సంస్థ చాలా ఏళ్ల తర్వాత 1/72 కొలతలో వీఎఫ్-1 ను తెచ్చినప్పుడు దానికి మారే గుణం వదిలేసి, టామ్‌క్యాట్‌కు చేసినట్టే ప్యానెల్ గీతలూ స్టెన్సిల్ రాతలూ అద్దింది. ఆ పెట్టెల మీద బొమ్మలు వేసిన హిదెతకా తెన్‌జిన్ లోహపు మెరుపునూ, పొగ మరకనూ, వాడి అరిగిన రంగునూ చూపించి వాల్కిరీకి బరువు తెచ్చారు. మాక్రాస్ జీరో నాటికి విమానాలు కంప్యూటర్‌లో తయారవడంతో ఒకసారి గీసిన గీతను మళ్లీ గీయనక్కరలేదు, వివరాలు తెర మీదికి కూడా వచ్చాయి. ఇప్పుడు పుస్తకాల్లో మనం చూసే వివరమైన వీఎఫ్-1 ఇరవై ఏళ్ల మీద ఇలా చాలామంది చేతుల్లో పెరిగినది. 1982 నాటి విమానం నున్నగా, దాదాపు బోసిగా ఉండేది.

పుస్తకాల సంప్రదాయానికి మూలం మాక్రాస్ కంటే ఒక ఏడాది వెనక్కి వెళుతుంది. 1981లో మినోరి షోబో సంస్థ ‘గండమ్ సెంచురీ’ అనే ప్రత్యేక సంచికను ప్రచురించింది. దాన్ని రాసినవారిలో స్టూడియో నుయే బృందం ఉంది, అందులో కవమోరి కూడా ఉన్నారు. గండమ్ కథలో చెప్పకుండా వదిలేసిన సాంకేతిక ప్రశ్నలకు వారు జవాబులు కల్పించారు. అంతరిక్షంలో రోబోకు కాళ్లూ చేతులూ ఎందుకు అనే ప్రశ్నకు ఇచ్చిన జవాబు వాటిలో ప్రసిద్ధమైనది. పై నుంచి జారిన పిల్లి గాలిలోనే ఒళ్లు తిప్పుకుని కాళ్ల మీద పడినట్టు, రోబో తన అవయవాలను ఊపి ఇంధనం ఖర్చు లేకుండా దిశ మార్చుకుంటుందని వివరించారు. ఇది అనిమేలో ఎక్కడా చెప్పిన మాట కాదు, పత్రికా ప్రచురణలో పుట్టిన ఊహ. తర్వాత తర్వాత అది గండమ్ ప్రపంచపు అధికారిక భాషలోకి చేరిపోయింది. పుస్తకం కథకు వ్యాఖ్యానంగా మొదలై కథనే మార్చగలదని నిరూపించిన సందర్భం ఇది. ఆ పుస్తకంలో పాలుపంచుకున్న యువకుడే మరుసటి ఏడాది తన విమానాన్ని తెర మీదికి తెచ్చాడు కాబట్టి, వీఎఫ్-1 వెనుక రిఫరెన్స్ పుస్తకం రాసే మనస్తత్వం ముందే ఉందని చెప్పుకోవచ్చు.

మాక్రాస్‌కు ఇలాంటి పునాది గ్రంథం 1983లో అదే సంస్థ ప్రచురించిన ‘మాక్రాస్ పర్ఫెక్ట్ మెమరీ’. ధారావాహిక ముగిసిన వెంటనే వచ్చినందువల్ల దాని విలువ ప్రత్యేకం. నమూనా చిత్రాలు, భాగాల వివరాలు, నిర్మాణంలో పాల్గొన్నవారి మాటలు తాజాగా ఉన్నప్పుడే అందులో చేరాయి. ముద్రణ నేటి ప్రమాణాలకు మసకగానే ఉంటుంది, రంగు పేజీలు తక్కువ. అయినా ఒక గీత అసలు 1982లో ఉందా, తర్వాత ఎవరైనా చేర్చారా అని తేల్చుకోవాలంటే వెళ్లవలసింది ఇలాంటి పుస్తకం దగ్గరికే. 1984లో వచ్చిన ‘స్కై ఏంజెల్స్’ దారి వేరు. అది మాక్రాస్ ప్రపంచంలోనే అచ్చయిన విమానాల పత్రిక ప్రత్యేక సంచికలా రాసినది. చదివేవాడు కూడా ఆ ప్రపంచపు పౌరుడే అన్నట్టు అది మాట్లాడుతుంది. మాక్రాస్ పుస్తకాల్లో రెండు కొమ్మలు ఈ రెండు ప్రచురణల దగ్గరే విడిపోయాయి.

మొదటి కొమ్మలో తర్వాత వచ్చిన పెద్ద పని ‘మాక్రాస్ క్రానికల్’. 2008లో మొదలై 50 సంచికలుగా వచ్చిన ఈ ప్రచురణ పుస్తకంలా కాకుండా విడి షీట్లుగా ఉండేది. కొన్నవారు వాటిని విడదీసి యంత్రాలు, పాత్రలు, చరిత్ర అని వర్గాల వారీగా ఫైళ్లలో పెట్టుకోవాలి. కొన్నేళ్లకు దిఅగోస్తిని సంస్థ దాన్ని సవరించి మరింత పెంచిన కూర్పుగా మళ్లీ తెచ్చింది. పొడవు, బరువు, ఆయుధాలు లాంటి అంకెలను సరిచూసుకోవడానికి దీనికి మించిన ఆధారం లేదు. అయితే చదువుకోవడానికి ఇది సుఖమైన పుస్తకం కాదు. నిఘంటువు ఎలా ఉపయోగపడుతుందో అలాగే ఉపయోగపడుతుంది.

రెండో కొమ్మ 2009లో ‘వేరియబుల్ ఫైటర్ మాస్టర్ ఫైల్’తో పూర్తిగా వికసించింది. సాఫ్ట్‌బ్యాంక్ క్రియేటివ్ ప్రచురించిన ఈ శ్రేణిలో మొదటిది వీఎఫ్-1 మీద వచ్చింది. తర్వాత వీఎఫ్-19, వీఎఫ్-25, వీఎఫ్-0, వీఎఫ్-22, వీఎఫ్-11, వీఎఫ్-31 ఇలా ఒక్కొక్క విమానానికి ఒక్కొక్క సంపుటం చేరుతూ వచ్చింది. జపాన్‌లో బున్‌రిన్‌దో సంస్థ నిజ విమానాల మీద ప్రచురించే ప్రపంచ ప్రసిద్ధ విమానాల గ్రంథమాలను చూసినవారికి ఈ పుటల అమరిక వెంటనే పరిచయమైనదిగా అనిపిస్తుంది. ముందు ఫొటోల్లా కనిపించే కంప్యూటర్ చిత్రాలు, తర్వాత అభివృద్ధి చరిత్ర, ఆపైన భాగాల వారీగా నిర్మాణం, ఉపరకాలు, ఆయుధాలు, స్క్వాడ్రన్ల రంగులు. కథానాయకుల పేర్లు వీటిలో అరుదుగా వినిపిస్తాయి. విమానం ఒక పరిశ్రమ తయారుచేసిన వస్తువుగా, దాన్ని వేలమంది నడిపినట్టుగా, మరమ్మతు చేసినట్టుగా, చివరికి పక్కన పెట్టినట్టుగా కనిపిస్తుంది. ఈ దృక్పథమే మాస్టర్ ఫైల్ సాధించిన గొప్పతనం. టీవీలో ఎర్రటి, నీలి రంగుల్లో ప్రత్యేకంగా కనిపించిన యోధుల విమానాల వెనుక, పేరు తెలియని బూడిద రంగు విమానాల దళం ఒకటి ఉండి తీరాలని అది గుర్తించింది.

మాస్టర్ ఫైల్ పుస్తకాల్లోనే ఒక ప్రకటన ఉంటుంది: ఇందులోని విషయాలు మాక్రాస్ అధికారిక వివరాలు కావు. కొందరు సేకర్తలు దీన్ని లోపంగా భావించి పుస్తకాల విలువ తగ్గించి మాట్లాడతారు, మరికొందరు ఆ మాటను పట్టించుకోకుండా ప్రతి అంకెనూ ప్రమాణంగా ఉటంకిస్తారు. రెండు వైఖరులూ పుస్తకానికి న్యాయం చేయవు. మాక్రాస్ విషయంలో అధికారికత అనే భావనే వదులుగా ఉంటుంది. టీవీ ధారావాహికలూ సినిమాలూ ఎక్కడో జరిగిన ఒక చరిత్రను నాటకీయంగా చూపిన రూపాలేనన్నది కవమోరి వైఖరి. 1984 నాటి చలనచిత్రాన్ని ఆ ప్రపంచంలోనే తర్వాతి తరం తీసిన యుద్ధ సినిమాగా లెక్కిస్తారు. అలాంటప్పుడు ఆ చరిత్ర మీద ఒక విమాన చరిత్రకారుడు రాసిన పుస్తకంగా మాస్టర్ ఫైల్‌ను చదవడమే దాని స్వభావానికి తగినది. నిజ విమానాల చరిత్రకారులు కూడా ఒకరితో ఒకరు విభేదిస్తారు. ఇందులో చెప్పిన ఉపరకం క్రానికల్‌లో కనిపించకపోతే అది తప్పు కానవసరం లేదు, మరో రచయిత కల్పన, అంతే. రాసినవారి శ్రమను అభినందిస్తూనే అంకె కావలసినప్పుడు క్రానికల్ వైపు, మొదటి గీత కావలసినప్పుడు పర్ఫెక్ట్ మెమరీ వైపు తిరగడం అలవాటు చేసుకోవాలి.

ఈ తేడా ఒక ఉదాహరణతో తేటపడుతుంది. ఫైటర్ రూపంలో వెనుక ఉండే కాలు మనిషి రూపంలో ముక్కు పక్కకు చేరాలంటే, ఆ బరువంతా మోస్తూ జరిగే ఒక చేయి లాంటి అమరిక లోపల ఉండాలి. 1982 నాటి చిత్రాల్లో ఈ భాగం క్లుప్తంగానే ఉంటుంది, యానిమేషన్‌లో ఆ క్షణం రెప్పపాటులో దాటిపోతుంది. బొమ్మల తయారీదారులు మాత్రం దాన్ని దాటవేయలేరు, అసలు కీలు పెట్టి తీరాలి. తకతోకు ఒక విధంగా పరిష్కరించింది, దశాబ్దాల తర్వాత యమాటో, బండాయ్ సంస్థలు వేరే విధాలుగా పరిష్కరించాయి. మాస్టర్ ఫైల్ రచయితలకు బొమ్మ చేసే బాధ్యత లేదు గానీ, ఆ కీలు యుద్ధ విమానంలో ఎలా పనిచేస్తుందో, ఎవరు దానికి నూనె వేస్తారో చెప్పే బాధ్యత ఉంది. ఒకే కీలును చిత్రకారుడు, బొమ్మల ఇంజనీరు, కల్పిత చరిత్రకారుడు మూడు రకాలుగా చూసిన తీరును పక్కపక్కన పెట్టి పరిశీలించగలగడం, ఈ పుస్తకాల సేకరణలో దొరికే అసలైన ఆనందం.

సేకరణలో ఆచరణ సంబంధమైన చిక్కులు కొన్ని ఉన్నాయి. 1985లో హార్మనీ గోల్డ్ సంస్థ మాక్రాస్‌ను మరో రెండు సంబంధం లేని ధారావాహికలతో కలిపి ‘రోబోటెక్’ పేరుతో అమెరికాలో విడుదల చేసింది. దాని వెంట వచ్చిన హక్కుల వివాదం వల్ల మాక్రాస్ సరుకు జపాన్ బయట చాలా ఏళ్లు అధికారికంగా అందడం కష్టమైంది. 2021 ఏప్రిల్‌లో మాక్రాస్ హక్కులున్న జపాన్ సంస్థ బిగ్‌వెస్ట్‌కూ, హార్మనీ గోల్డ్‌కూ మధ్య ఒప్పందం ప్రకటించాక పరిస్థితి మారడం మొదలైంది. అయినా పైన చెప్పిన పుస్తకాల్లో పాతవాటికి మార్గం ఇప్పటికీ జపాన్ పాత పుస్తకాల దుకాణాలే. టోక్యోలో జింబోచో వీధులు, నకానో బ్రాడ్‌వేలోని మందరాకే దుకాణం ఇందుకు పేరున్న చోట్లు. విదేశాల్లో ఉన్నవారు సాధారణంగా తమ తరఫున కొని పంపే మధ్యవర్తి సేవల ద్వారా తెప్పించుకుంటారు. బరువైన పుస్తకాలకు తపాలా ఖర్చు పుస్తకం ధరను మించే సందర్భాలున్నాయి కాబట్టి విడివిడిగా కాకుండా కొన్నిటిని కలిపి తెప్పించడం మేలు.

పాత ప్రతిని కొనేముందు చివరి పేజీ ఫొటో అడగడం తప్పనిసరి. జపాన్ పుస్తకాల్లో ఎన్నో ముద్రణ, ఏ తేదీ అనే వివరం అక్కడే ఉంటుంది. సేకర్తలు మొదటి ముద్రణ కోసం, అట్ట చుట్టూ ఉండే ఒబి అనే కాగితపు పట్టీ కోసం ఎక్కువ ధర ఇస్తారు. పరిశీలన కోసం కొనేవారికి ఆ పట్టీతో పని లేదు, తర్వాతి ముద్రణ చవగ్గా దొరికితే అదే తీసుకోవచ్చు. క్రానికల్ లాంటి విడి షీట్ల ప్రచురణలో ప్రమాదం ఇంకొకటి. ఫైలు నిండుగా కనిపించినా మధ్యలో షీట్లు లేకపోవచ్చు, అందువల్ల సంచికల జాబితాతో సరిచూడకుండా మొత్తం సెట్‌గా కొనరాదు. 1980ల నాటి సంచికలను జిగురుతో బైండు చేశారు. ఆ జిగురు గట్టిపడి, పుస్తకాన్ని బల్ల మీద పూర్తిగా పరిచి తెరిస్తే పేజీలు ఊడి వస్తాయి. స్కాన్ చేయాలనుకునేవారు పూర్తిగా తెరవకుండా పై నుంచి ఫొటో తీసుకోవడం క్షేమం. విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాల్లో ఉంచేవారికి ఎండ కంటే తేమే పెద్ద శత్రువు. మూత గట్టిగా ఉన్న పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, నెలల తరబడి మూసి ఉంచకుండా అప్పుడప్పుడూ గాలి తగిలేలా చూసుకోవాలి.

జపాన్ భాష రాకపోవడం పెద్ద అడ్డంకి కాదు. ఈ పుస్తకాల్లో సగానికి పైగా చిత్రాలే, అంకెలు అందరికీ ఒకటే, ఫోన్ కెమెరాతో అనువదించే యాప్‌లు చిత్రం కింది వ్యాఖ్యలకు సరిపోతాయి. అయితే అభివృద్ధి చరిత్ర భాగాల్లో వాక్యాలు సుదీర్ఘంగా ఉండి, ఇది జరిగిందని, ఇలా జరిగిందంటారని, కొందరు ఇలా అంటారని తేడా చూపిస్తూ సాగుతాయి. యంత్రానువాదంలో ఆ తేడా మాయమై అన్నీ ఒకే తీరు వాస్తవాలుగా కనిపిస్తాయి. అక్కడ మాత్రం భాష తెలిసిన మనిషి సాయం తీసుకోవాలి.

కొత్తగా మొదలుపెట్టేవారు మాస్టర్ ఫైల్ సంపుటాలన్నిటినీ ఒకేసారి కొనవలసిన అవసరం లేదు. తెలిసిన విమానం ఒకదాన్ని ఎంచుకుని, దానికి నిర్మాణ కాలపు చిత్రాలున్న పుస్తకం ఒకటి, మాస్టర్ ఫైల్ సంపుటం ఒకటి సమకూర్చుకోవడం మంచి ఆరంభం. వీఎఫ్-1 మీద పుస్తకాలు ఎక్కువ, కాబట్టి పోల్చడానికి సామగ్రి దొరుకుతుంది గానీ పాతవాటి ధర కూడా ఎక్కువే. వైఎఫ్-19, వైఎఫ్-21 ల మీద ఆసక్తి ఉన్నవారికి షోగకుకన్ 1995లో ప్రచురించిన ‘దిస్ ఈజ్ యానిమేషన్’ మాక్రాస్ ప్లస్ ప్రత్యేక సంపుటాన్ని వీఎఫ్-19 మాస్టర్ ఫైల్ పక్కన, వైఎఫ్-21 నుంచి వచ్చిన వీఎఫ్-22 మాస్టర్ ఫైల్ పక్కన పెట్టి చదవడం మరింత తేలికైన దారి. పోటీలో పాల్గొన్న నమూనా విమానం ఉత్పత్తి విమానంగా మారేటప్పుడు మాస్టర్ ఫైల్ రచయితలు ఏం మార్చారో, ఏం ఉంచారో ఆ మూడు పుస్తకాలతోనే చాలావరకు కనిపెట్టవచ్చు.